పదహారు పళ్ళు

సంక్రాంతి సెలవులకి ముందు ఒక ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్‌కి వెళ్ళాను. అదే, 2023 అక్టోబర్‌లో మొదలుపెట్టారు చూడండి, 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. ఎండ లేదు, వాన లేదు, అడ్డమొచ్చే గేదెలు అసలే లేవు. 21 గేర్ల సైకిలు, నెత్తిన హెల్మెట్టు, ఫోన్లో స్ట్రావా. హంగులకేం లోటు లేదు. రొప్పుతూ ఆగి చూసుకుంటే సగటు వేగం గంటకి 18 కిలోమీటర్లు!

ఇక్కడే నా అహం దెబ్బతింది. ఎందుకంటే పదో తరగతి అయిపోయిన వేసవిలో, మా ఊరి వంతెన దగ్గర్నుంచి లాకుల దాకా 6 కిలోమీటర్ల కాలవగట్టుని నేను 17 నిమిషాల్లో కొట్టాను. లెక్కేసుకోండి, 21 పైమాటే. అదీ నాన్న తొక్కి తొక్కి వదిలేసిన అట్లాస్ మీద. ఇప్పటి సైకిలు దానికన్నా 6 కేజీలు తక్కువ, నేను అప్పటికన్నా 20 కేజీలు ఎక్కువ. మొత్తమ్మీద నష్టం 14.

ఆ రోజుల్లో ప్రతి ఆదివారం ఐదారుగురం పందేలు వేసుకునేవాళ్ళం. ఓడినవాళ్ళు గెలిచినవాడికి గోలీసోడా కొట్టించాలి. గెలిచేది ఎప్పుడూ ఒక్కడే, సైకిల్ షాపు వాళ్ళబ్బాయి. వాడి రహస్యం మా అందరికీ తెలుసు. మామూలు సైకిళ్ళకి ముందు 48 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్ళు. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. వీడు 18 తీసి 16 వేసుకున్నాడు, అంటే సరిగ్గా 3 చుట్లు. 28 అంగుళాల చక్రం కాబట్టి ప్రతి తొక్కుడికీ ముప్పావు మీటరు దాకా లాభం. ఊరికే రాదులెండి, బండి కదిలేసరికి పిక్కలు పట్టేస్తాయి. (మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డాక ఈ లెక్క ఇక్కడ తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు.) నాకూ ఒకటి వెయ్యరా అంటే, "నీ పిక్కలకి అది పడదురా" అని నవ్వేవాడు.

2012 జూన్, కాలవకి కొత్తనీరు వదిలిన వారం. మర్నాడు నేను విజయవాడ హాస్టల్‌కి వెళ్ళాలి. ముందురోజు వాడే వచ్చి, ఓవరాయిలింగు చేస్తానని నా సైకిలు షాపుకి తీసుకెళ్ళాడు. పొద్దున పందెంలో మొదట్లో కాస్త బరువుగా అనిపించింది, ఎదురుగాలేమో అనుకున్నా. గెలిచాను! మొదటిసారి, ఆఖరిసారి కూడా. సోడా వాడే కొట్టించాడు.

తర్వాతి కథ మీకు తెలిసిందే, మీదీ అదే కథ. ఇంటరు, ఎంసెట్, ఇంజినీరింగు, క్యాంపస్ ప్లేస్‌మెంటు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడిందని చదివి ఒక పూట దిగులుపడ్డాను. అంతే, మళ్ళీ మీటింగులు.

మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు పశువుల కొట్టంలోంచి ఆ అట్లాస్ బయటికి తీశాను. బాగుచేయించి హైదరాబాద్ తెచ్చుకుందామని ఆశ. కిరోసిన్ గుడ్డతో వెనక చక్రం తుడుస్తుంటే ఊసుపోక పళ్ళు లెక్కపెట్టాను. పదహారు. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ పదహారే.

సైకిలు నడిపించుకుంటూ వాడి షాపుకి వెళ్ళాను. ఇప్పుడు అక్కడ సైకిళ్ళకన్నా మోటారుసైకిళ్ళే ఎక్కువ. ఇదేంట్రా అని అడిగితే వంగి చూసి, "ఏమోరా, ఆ రోజు షాపులో పద్దెనిమిదిది లేదేమో" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. టీ తెచ్చిన వాళ్ళమ్మగారే మాటల్లో అన్నారు, వాళ్ళాయన మంచం పట్టింది ఆ వేసవిలోనే అని, జూన్‌లో వీడు కాలేజీలో చేరకుండా కొట్లో కూర్చున్నాడని. వాళ్ళ నాన్నకి బాగోలేదని నాకప్పుడే తెలుసు. తెలిసీ, హాస్టల్ నుంచి ఒక్క ఫోనైనా చెయ్యలేదు. ఊరొదిలి వెళ్ళేది నేను కాబట్టి అది నా ఆఖరి పందెం అనుకున్నానే తప్ప, వాడికీ అదే ఆఖరిదని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

వాడు ట్యూబులు మార్చి, చైను బిగించి, "పద్దెనిమిది వేసెయ్యనా? ఇప్పుడు నీ పిక్కలకి పదహారు పడదు" అన్నాడు. ఉండనీరా అన్నాను. వేసవికి వస్తాను, లాకుల దాకా ఒక పందెం వేద్దాం అంటే, పానా తుడుచుకుంటూ "కొట్టెవడు చూస్తాడ్రా?" అన్నాడు.

కూలి తీసుకోలేదు. గోలీసోడా బాకీ ఎలాగూ ఉంది.