యేర్ అంటే నీళ్ళు

మేము ఉట్నూరు ఏజెన్సీ గోండులం. ఇంట్లో గోండి, అంగడిలో కొంత తెలుగు, కొంత మరాఠీ. బడిలో మాత్రం తెలుగే. ఆశ్రమ పాఠశాలలో చేరిన రోజు మాకు వచ్చిన తెలుగు మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒకరోజు సారు, "మీ ఊరి నుంచి ఎవరొచ్చారు?" అని అడిగాడు. "ఆడవాళ్ళు వచ్చినయి" అన్నాం. తరగతంతా నవ్వింది. "ఆడవాళ్ళంటే పశువులా?" అని సారు కూడా నవ్వాడు. ఆ తర్వాత చాలా నెలలు మేము బడిలో నోరు తెరవలేదు. జవాబు తెలిసినా తలవంచుకునే కూర్చున్నాం.

మేము అన్నది తప్పే, కానీ తెలివి లేక చేసిన తప్పు కాదు. గోండిలో మగవాళ్ళకు ఒక క్రియ, మిగతా అందరికీ, అన్నిటికీ ఇంకొకటి. తెలుగులోనూ ఒక్కరే ఉంటే అంతే కదా: ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. ఎక్కువమంది అయినప్పుడే తెలుగు ఆడవాళ్ళను మగవాళ్ళ వైపు చేర్చి "వచ్చారు" అంటుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఒక్క పూటలో నేర్చుకునేవాళ్ళం. చెప్పేవాళ్ళు లేక ఏండ్లు పట్టింది.

అందుకే ఇప్పుడు హాస్టళ్ళలో రెండో భాష నేర్చుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మాకు తెలిసింది చెబుతున్నాం.

మొదట మీ భాషను పక్కన పెట్టుకుని చూడండి. మన రండ్, ముండ్, నాలుంగ్ వాళ్ళ రెండు, మూడు, నాలుగు. మన కెవి వాళ్ళ చెవి, మన కయ్ వాళ్ళ చెయ్యి. మన 'క' కొన్ని చోట్ల తెలుగులో 'చ' అయిందని పట్టుకుంటే కొత్త మాట పాత చుట్టంలా కనబడుతుంది. కానీ చుట్టమే ఒక్కోసారి మోసం చేస్తుంది. మన యేర్ అంటే నీళ్ళు, తెలుగు ఏరు అంటే వాగు. అలాంటి మాటలను విడిగా ఒక నోటు బుక్కులో రాసుకోండి. ఒకవైపు గోండి, ఒకవైపు తెలుగు.

రెండోది, అంగడికి పోండి. ధర అడగండి, బేరం చేయండి, చిల్లర లెక్కపెట్టండి. అక్కడ మీ వ్యాకరణం ఎవరూ దిద్దరు. మాకు నోరు తిరిగింది పుస్తకంతో కాదు, పప్పులు, పత్తి అమ్ముకునే చోట.

మూడోది, చదివిన పాఠాన్ని రాత్రి చిన్నపిల్లలకు గోండిలో చెప్పండి. చెప్పలేకపోతే మీకు అర్థం కానట్టే.

ఈ దారి కొత్తది కాదు. 1943లో హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించినప్పుడు మొదటి వాచకాలు గోండిలోనే తయారయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర వంటి 8 భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలైంది. ఇంటి భాష మెట్టు అయితేనే బడి భాష అందుతుందని అప్పుడే తెలుసు.

సముద్రాల అవతల కూడా ఇదే కథ. పెరూలో కెచువా పిల్లలకు, గ్వాటెమాలాలో మాయా పిల్లలకు స్పానిష్ మనకు తెలుగు లాంటిది. రిగొబెర్తా మెంచూ ఇంటి భాష కిచే. తన జనం మీద జరిగిన దాడులను 1982లో పారిస్‌లో స్పానిష్‌లో చెప్పింది, అది పుస్తకమై లోకమంతా తిరిగింది. 1992లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. స్పానిష్ నేర్చుకుని ఆమె తన జనాన్ని వదిలిపెట్టలేదు. వాళ్ళ మాటను దూరం చేర్చింది.

మేము అలా చేయలేదు. ఆ రోజు తరగతిలో విన్న నవ్వు మా పిల్లలకు వద్దనుకుని ఇంట్లో కూడా తెలుగే మాట్లాడాం. పిల్లలు మంచి మార్కులు తెచ్చారు, మాకు సంబరంగా ఉండేది. మొన్న మాలో ఒకరి ఇంట్లో, జ్వరంతో పడుకున్న నానమ్మ "యేర్, యేర్" అని అడిగింది. మనవడు కిటికీలోంచి బయటికి చూసి, "ఇప్పుడు ఏట్లో నీళ్ళు లేవు నానమ్మా" అన్నాడు. చెంబు పక్కనే ఉంది.

ఆ రోజు నుంచి మా ఇళ్ళలో రాత్రి అన్నం దగ్గర గోండే మాట్లాడుతున్నాం. పిల్లలు తప్పులు చేస్తారు. మేము నవ్వం. ఎందుకు తప్పో చెప్పి, మళ్ళీ అనమంటాం. రెండో భాష నేర్పడానికైనా, మొదటి భాషను తిరిగి తెచ్చుకోవడానికైనా మాకు తెలిసిన పద్ధతి అదే.