లోతుకో పద్ధతి

యలమంచిలికి సముద్రం దూరమేమీ కాదు. రాంబిల్లి వైపు వెళ్లినా, అచ్యుతాపురం మీదుగా పూడిమడక దారి పట్టినా గంటలోపే ఉప్పుగాలి మొహానికి తగులుతుంది. మాఘ పౌర్ణమి స్నానాలకు ఊళ్లకు ఊళ్లు కదిలేది అటే. మా బజారు గంపల్లోకి కవ్వళ్లు, కానాగంతలు వచ్చేదీ అక్కడి నుంచే. అయినా మా ఊరి ముఖం ఎప్పుడూ హైవే వైపు, రైలు స్టేషను వైపే ఉంటుంది. సముద్రం మాకు చేపల ధరల్లో, తుపాను హెచ్చరికల్లో వినబడే పేరు. దానితో మా పరిచయమంతా మోకాలి లోతు వరకే.

ఆ పరిచయం కూడా రెండు రకాలుగానే సాగుతుంది. ఒకటి భయం. నీళ్ల జోలికి, నిప్పు జోలికి పోవద్దని ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట. రెండోది తెగింపు. పదిమంది కుర్రాళ్లు ఒకచోట చేరితే ఆ మాట గాలికి పోతుంది. ఎవడు ఎక్కువ లోపలికి వెళ్తే వాడే మొనగాడు. 2022 జులై నెలాఖరులో పూడిమడక తీరంలో స్నానానికి దిగిన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో కొందరు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ వారమంతా ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా అదే మాట. పిల్లల్ని సముద్రానికి పంపకూడదని అందరం తీర్మానించుకున్నాం. మరుసటి ఆదివారం నుంచి యథాప్రకారం పిల్లలు వెళ్తూనే ఉన్నారు. భయపెట్టడం మాత్రమే చేతనైన పెద్దలకు, తెగించడం మాత్రమే తెలిసిన పిల్లలకు మధ్య ఏదో ఒకటి ఉండాల్సింది, అది మాకు లేదనిపించింది.

ఈ ప్రాంతంలో ఈత నేర్పే పద్ధతి అందరికీ తెలిసిందే. నడుముకు తాడు కట్టి, వీపున ఎండు సొరబుర్ర వేసి, మేనమామో చిన్నాన్నో నూతిలోకి ఒక్క తోపు తోసేవారు. నాలుగు గుక్కలు నీళ్లు మింగాక కాళ్లూ చేతులూ వాటంతటవే ఆడేవి. అలా నేర్చుకున్న ఈత మంచి ఈతే. తాడు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ మనిషి ప్రేమ కూడా నిజమే. కానీ ఆ చదువులో మొదటి పాఠం గాభరా. నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పళ్లు బిగించి పోరాడాలని ఒంటికి అలవాటైపోతుంది. ఏళ్లు గడిచినా అది పోదు.

విశాఖలో రుషికొండ తీరాన సామాన్యులకు స్కూబా డైవింగ్ నేర్పుతున్నారని విని, నడివయసులో కోర్సులో చేరాను. అక్కడ మొదట చెప్పిన మాటే ఆ అలవాటుకు పూర్తిగా ఎదురు. నీటి కింద ఎప్పుడూ, ఏ కారణం చేతా ఊపిరి బిగబట్టకూడదు. మిగతా నియమాలన్నీ దీని తరవాతే.

అది ఎందుకో మా మాస్టారు పలక మీద గీసి చూపించారు. పది మీటర్ల లోతుకు వెళ్తే మన మీద ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఆ లోతులో గుండెల నిండా పీల్చిన గాలిని అలాగే బిగబట్టి పైకి వస్తే, నీటి పైకి చేరేసరికి ఆ గాలి రెట్టింపు చోటు కోరుతుంది. ఊపిరితిత్తులకు అంత సాగే శక్తి లేదు. 1662లో రాబర్ట్ బాయిల్ వాయువుల గురించి చెప్పిన సూత్రమే ఇది. తొమ్మిదో, పదో తరగతిలో మార్కుల కోసం అందరం వల్లె వేసిందే. అది నా పక్కటెముకల మధ్య కూడా పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. భయపడిన మనిషి మొదట చేసే పని ఊపిరి బిగబట్టడం. నీటి కింద మనిషికి అన్నిటికంటే ప్రమాదకరమైనదీ అదే. అందుకే కోర్సు మొత్తం, ఏ పేరు పెట్టి నేర్పినా, శ్వాస ఆడుతూ ఉండగా భయాన్ని దాటడమెలాగో నేర్పే చదువే.

దానికి వాళ్లు ఎంచుకున్న దారి నాకు ఎంతో నచ్చింది. భయాన్ని ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కనీ నిలబడితే తల పైకి తేలేంత లోతు పూల్‌లో చేతికిస్తారు. మాస్కులోకి నీళ్లు రావడం ఒక ముక్క. గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోవడం ఇంకొకటి. సిలిండర్‌లో గాలి అయిపోతే పక్కవాడి దగ్గరున్న రెండో గొట్టం అందుకోవడం మరొకటి. ప్రతిదాన్నీ మాస్టారు ముందు నెమ్మదిగా చేసి చూపిస్తారు, ఆ తరవాత మన వంతు. చేయలేనంటే ఎవరూ తోయరు. మళ్లీ చూపిస్తారు.

మాస్కు పాఠం నాకు అన్నిటికంటే కష్టమైంది. పూల్ అడుగున మోకాళ్ల మీద కూర్చుని, మాస్కు పై అంచు వేలితో కొద్దిగా పైకెత్తితే నీళ్లు సన్నగా లోపలికి దిగుతాయి. ముందు ముక్కు చివర చల్లగా తగులుతుంది. తరవాత చెంపలు, ఆ తరవాత కళ్లు. నోటితో గాలి హాయిగా ఆడుతూనే ఉంటుంది, కానీ ముక్కు దగ్గర నీళ్లుండేసరికి మునిగిపోతున్నావని తల గోల పెడుతుంది. అప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని. తల కాస్త పైకెత్తి, మాస్కు పై అంచును నుదుటికి నొక్కిపట్టి, ముక్కుతో మెల్లగా గాలి వదలాలి. కింది అంచు నుంచి నీళ్లు వాటంతటవే వెళ్లిపోతాయి. కళ్లు తెరిస్తే ఎదురుగా మాస్టారు, అంతే ప్రశాంతంగా, చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టి చూపిస్తున్నారు. బాగానే ఉన్నావా అని దాని అర్థం. మనమూ అదే గుర్తుతో జవాబివ్వాలి. చెప్పిన ఆ క్షణంలో నిజంగానే బాగున్నాననిపించింది.

నోట్లోని ఆ రెగ్యులేటర్ పుట్టుక కూడా నాకు మనసుకు పట్టిన కథ. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో పెట్రోలు కరువై కార్లను గ్యాసుతో నడపాల్సి వచ్చింది. ఆ గ్యాసును కావలసినంతే అందించే కవాటం మీద ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు పనిచేశాడు. 1943లో నౌకాదళ అధికారి జాక్ కూస్తో, అతనూ కలిసి ఆ ఆలోచననే మనిషి శ్వాసకు అమర్చారు. పీల్చినప్పుడే, ఆ లోతుకు తగ్గ ఒత్తిడితోనే గాలి వస్తుంది. కరువు రోజుల్లో పొదుపు కోసం చేసిన పరికరం, సముద్రం అడుగున మనిషికి స్వేచ్ఛగా తిరిగే వీలిచ్చింది.

కోర్సులో పెట్టే పరీక్షల్లో ఒకటి విచిత్రంగా ఉంటుంది. 200 మీటర్లు ఈదడం సరే, అది అందరూ ఊహించేదే. దాంతోపాటు పది నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా నీటి మీద తేలుతూ ఉండాలి. వేగం చూడరు, ఏ పద్ధతిలో తేలావనీ అడగరు. నూతిలో గాభరాగా నేర్చుకున్న ఈతకు ఈ పది నిమిషాలు చాలా పొడుగు. చేతులు ఆడించాలనిపిస్తుంది, ఏదో ఒకటి చేస్తుండాలనిపిస్తుంది. ఏమీ చేయకపోతేనే నీరు మోస్తుందన్న సంగతి ఒంటికి ఎక్కడానికి సమయం పడుతుంది.

నీటి కింద దీనికే ఇంకో మెట్టు ఉంది. నడుముకు బరువులు, ఒంటికి గాలి నింపే జాకెట్టు. రెండూ సరిగ్గా తూగితే మనిషి అడుగుకు దిగడు, పైకి తేలడు. అక్కణ్ణుంచి ఒంటిని నడిపేది శ్వాసే. నిండుగా పీలిస్తే జానెడు పైకి, నెమ్మదిగా వదిలితే జానెడు కిందికి, ఎవరో ఉయ్యాల ఊపుతున్నట్టు. చేతులతో పనిలేదు. యాభై ఏళ్లకు దగ్గరపడ్డాక, నేను రోజంతా గాలి పీల్చి వదులుతున్నానన్న సంగతి మొదటిసారి శ్రద్ధగా గమనించాను.

సముద్రంలో దిగే రోజున బంగాళాఖాతం నిర్మలంగా ఏమీ లేదు. అండమాన్ ఫొటోల్లో కనబడే నీలం మన తీరానికి రాదు. గోదావరి లాంటి నదులు తెచ్చే మట్టి కలిసిన నీళ్లివి. చలికాలం నుంచి వేసవి మొదటివరకు కొంత తేటపడతాయి. తాడు పట్టుకుని దిగుతూ, మీటరుకోసారి ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకుంటూ వెళ్లాం. ఆకుపచ్చని మసకలోంచి ముందు ఒక నీడ, తరవాత రాయి కనబడింది. విశాఖ కొండల రాయే నీటి కింద కూడా సాగి, దాని సందుల్లో ఇంత బతుకును దాచుకుంది. బొంత చేప ఒకటి రాతి కింద నోరు మెల్లగా తెరుస్తూ మూస్తూ మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. గంపలో మంచుగడ్డ పక్కన, తూకానికి సిద్ధంగా ఉన్నప్పుడే ఇన్నాళ్లూ దాన్ని చూశాను. దాని ఇంట్లో, దాని తీరుబడిలో చూడడం వేరు.

చేతికి అనకాపల్లి నూకాలమ్మ గుడిలో కట్టించుకున్న ఎర్ర దారం ఉంది. ఆ లోతులో అది నల్లగా కనబడింది. వెలుతురులోని ఎరుపును నీరు ముందుగా తాగేస్తుంది. మాస్టారు టార్చి వేయగానే ఆ దారం మళ్లీ ఎర్రగా వెలిగింది, పక్కనున్న రాతిమీద ఒక మూల కూడా అదే ఎరుపు.

ఈ జలాల్లో మునకలు కొత్త కావు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గరే మునిగిపోయినప్పుడు దాని ఆనవాలు పట్టడానికి నేవీ డైవర్లు దిగారు. చాలాకాలం ఆ లోతు యూనిఫాం వేసుకున్నవాళ్లదే. ఇప్పుడు పదేళ్ల పిల్లలు కూడా పరిమితులతో ఈ కోర్సు చేయవచ్చు. పూర్తి చేసిన పెద్దవాళ్లకు 18 మీటర్ల వరకు, అదీ తోడు ఉంటేనే. ఒంటరిగా దిగకూడదు. దిగేముందు ఒకరి సామగ్రి ఇంకొకరు తడిమి చూడాలి. తిరిగి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, పైన వెలుతురు కనబడుతున్నా సరే. ఎంత దూరం వెళ్లావని ఎవరూ అడగరు, ఎంత గాలి మిగిల్చావని అడుగుతారు.

చేపల వేట ఆపే రోజుల్లో, ఏప్రిల్ 15 తరవాత, పూడిమడక వెళ్లాను. గట్టు మీద వలలు అల్లుకుంటున్న ఒక పెద్దాయనతో ఈ సంగతంతా చెప్పాను. ఆయన విన్నాడు. "అయితే గంగమ్మ తల్లి కడుపులో ఏటి సూసొచ్చినారు బాబూ?" అని అడిగాడు. రాళ్లు, చేపలు, మసక అని చెప్పాను. తల ఊపి, ఒడ్డుకేసి వేలు చూపించాడు. "అదిగో, అక్కడ అల విరగట్లేదు సూడండి. నెమ్మదిగా ఉందని కుర్రోళ్లు అక్కడే దిగుతారు. లోనకి లాగేది అదే. లాగినప్పుడు ఒడ్డుకేసి ఈదితే అలిసిపోతాం. పక్కకి ఈదాల. మాకు సిన్నప్పుడే సెప్పేసినారు, మీకెవులూ సెప్పలేదు."

నేను నేర్చుకున్న చదువూ, ఆయన మాటా ఒకే తీరుగా ఉన్నాయనిపించింది. గాభరా పడకు, నీరు చెప్పేది విను, తోడు లేకుండా దిగకు. ఆయనకది తాతల నుంచి వచ్చింది, నాకు కోర్సుగా వచ్చింది. మధ్యలో ఉన్న మా ఊళ్లకు ఎటు నుంచీ రాలేదు.

సిలిండర్లు, మాస్కులు అందరికీ అక్కర్లేదు. తీరానికి గంట దూరంలో ఉన్న ప్రతి బడిలో పిల్లలకు రెండు సంగతులు నేర్పితే చాలు. పది నిమిషాలు కదలకుండా తేలడం ఒకటి, అల విరగని చోటును గుర్తుపట్టడం ఇంకొకటి. మొదటిది నేర్పడానికి ఈత తెలిసిన మాస్టారు చాలు, రెండోది నేర్పడానికి పూడిమడకలో మనుషులున్నారు. వాళ్లను బడికి పిలిచి, పిల్లల ఎదుట కుర్చీ వేసి కూర్చోబెట్టాల్సిన పని మనది.