ఇల్లు చూశారు సరే, ఒరిజినల్స్ చూశారా?

బోగోలులో అమ్మకానికి పెట్టిన ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు చేతికొచ్చేది ఒక ప్లాస్టిక్ కవరు. అందులో అన్నీ జిరాక్సులే.
"ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నాయండీ" అన్నారంటే ఆ ఇల్లు తనఖాలో ఉన్నట్టే.

తనఖా ఇల్లు అమ్మడం తప్పేమీ కాదు. దాచి అమ్మడం తప్పు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఆ సంగతి కొనేవాళ్లకి చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే. అప్పు తీరకపోతే, పేరు మారినా బ్యాంకు ఆ ఇంటి మీదికే వస్తుంది.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే చాలనుకుంటారు చాలామంది.
చాలదు.
ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. దస్తావేజు ఎవరి దగ్గరో పెట్టి తెచ్చుకున్న అప్పు, రిజిస్టర్ కాకపోతే, అందులో కనపడదు. అందుకే ఒరిజినల్ కళ్లారా చూడాలి.

ఇక అడ్వాన్సు. బాకీ ఎంతో బ్యాంకు నుంచి రాయించి తెచ్చుకుని, ఆ మేరకు డబ్బు నేరుగా లోన్ ఖాతాకే కట్టేలా అగ్రిమెంటులో రాసుకోవడం మేలు.

అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకి 5,000 రూపాయలు పరిహారం. ఇది తెలియక ఊరికే తిరిగేవాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది.

తనఖా విడుదలయ్యాక కొత్త ఈసీ తీసి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్.

ఇలా కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఉంటే కాగితాలు ఎన్నాళ్లకి చేతికొచ్చాయో కింద రాయండి.