అమ్మాయి అడిగిన ప్రశ్న

షాబాన్ మాసంలో ఒక రాత్రి విశాఖపట్నం హాస్టల్ నుండి మా అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతోంది. చదువు సంగతులు, భోజనం సంగతులు అయ్యాక గొంతు తగ్గించి అడిగింది: "అమ్మీ, ఇరవై రోజులైంది, ఇంకా ఆగలేదు. నేను నమాజ్ చేయవచ్చా, చేయకూడదా? రమజాన్ వచ్చేస్తోంది, రోజాల సంగతి ఏమిటి?"

ఆ మాట మా ఇద్దరికీ వినిపించింది. మాలో తండ్రి అయినవారు లేచి వసారాలోకి వెళ్ళిపోయారు. తల్లి అయినవారు "ఇంటికి వచ్చినప్పుడు చూద్దాంలే బేటీ" అని ఫోన్ పెట్టేశారు.

మా బుచ్చయ్యపేటలో ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా ఉండదు. పెళ్ళికాని పిల్ల చోడవరంలోనో, అనకాపల్లిలోనో స్త్రీల డాక్టరు గది ముందు కూర్చుంటే చూసినవారు ఏమనుకుంటారు? సంబంధాలు వస్తున్న వయసు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయిలే అని మాకు మేమే నచ్చజెప్పుకున్నాము.

రమజాన్ రాకముందే మా అమ్మాయి తరగతిలో స్పృహ తప్పి పడిపోయింది. పరుగున వెళ్ళాము. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7 గ్రాములని తేలింది. 12 ఉండవలసినది. నెలసరి క్రమం తప్పి అప్పటికి ఎనిమిది నెలలట. స్నేహితురాళ్ళను అడిగి, మందుల షాపులో ఏవో బిళ్ళలు కొని వేసుకుందట. మాకు చెప్పలేదు. చెప్పబోయిన ఒక్కసారీ మేము వినలేదు.

డాక్టరమ్మ మమ్మల్ని కాసేపు బయట కూర్చోమన్నారు. మాకు నచ్చలేదు. తల్లిదండ్రుల దగ్గర దాచవలసినది ఏముంటుంది? అయినా బయటకు వచ్చాము. తరువాత అమ్మాయే తల్లికి చెప్పుకుంది. కొన్నాళ్ళుగా దురద, తెల్లబట్ట కూడా బాధిస్తున్నాయట. తన నడవడిని శంకిస్తారన్న భయంతో నోరు విప్పలేదట. అటువంటి ఇన్ఫెక్షన్ పెళ్ళికాని పిల్లలకూ వస్తుందని, అందులో నడవడి ప్రసక్తే లేదని డాక్టరమ్మ వివరించారు. పెళ్ళికాని అమ్మాయిలకు స్కానింగ్ పొట్ట పైనుంచే చేస్తారని కూడా ఆ రోజే తెలిసింది. మా భయాల్లో సగం తెలియనితనమే.

ఆమెకున్నది పీసీఓఎస్. హార్మోన్ల సమతుల్యం తప్పడం వల్ల నెలసరి నెలల తరబడి రాకపోవడం, వస్తే ఆగకపోవడం, ముఖంపై మొటిమలు, అవాంఛిత రోమాలు దీని లక్షణాలు. సంతానవయస్సులోని స్త్రీలలో 6 నుండి 13 శాతం మందికి ఇది ఉంటుందని, వారిలో 70 శాతం వరకు ఆ సంగతి తెలియకుండానే ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇక రక్తహీనత అంటారా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి ఉంది.

ఇంటికి వచ్చాక హదీసు గ్రంథాలు తెరిచాము. సిగ్గుతో తల దించుకున్నాము. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సరిగ్గా మా అమ్మాయి అడిగిన ప్రశ్ననే అడిగారు. రక్తస్రావం ఆగడం లేదు, నమాజ్ మానేయాలా అని. ప్రవక్త (స) ముఖం తిప్పుకోలేదు. అది నరానికి సంబంధించిన రక్తమని, బహిష్టు కాదని చెప్పారు. అలవాటైన బహిష్టు రోజుల్లో నమాజ్ ఆపి, ఆ తరువాత శుభ్రపడి నమాజ్ చేయమని బోధించారు. ధర్మం నేర్చుకోవడానికి అన్సార్ మహిళలకు సిగ్గు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. పద్నాలుగు శతాబ్దాల క్రితం మదీనాలో అడగగలిగిన ప్రశ్నను మా ఇంట్లో మా బిడ్డ అడగలేకపోయింది. హయా పేరుతో మేము కాపాడుకున్నది మా బిడియాన్ని మాత్రమే.

విశాఖలోని ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని జనం నేటికీ ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. ఘోషా అంటే పరదా. పరదా, వైద్యం ఒకదానికొకటి అడ్డు కావని ఆ పేరే చెబుతోంది. 10 నుండి 19 ఏళ్ళ పిల్లల కోసం 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లు ఏర్పాటయ్యాయి. అక్కడ పిల్లల మాటలను గోప్యంగా ఉంచాలన్నది నియమం.

ఇప్పుడు మా అమ్మాయి కోలుకుంటోంది. మందులు వాడుతోంది, రోజూ నడుస్తోంది. ప్రతి నెలా తేదీ రాసుకుంటోంది. ఏడు రోజులు దాటినా, నెలలు గడిచినా రాకపోయినా మాకు చెబుతుంది. ఫోన్ వస్తే మాలో ఎవరమూ వసారాలోకి వెళ్ళడం లేదు.

మీ అమ్మాయి కూడా ఏదో ఒక రాత్రి గొంతు తగ్గించి ఏదైనా అడగవచ్చు. అప్పుడు ఆమె మాట పూర్తిగా వినే ఓర్పును, సమాధానం చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.