కొన్నా మనది కాదట!

మా గాజువాకలో ఏ కొట్టుకెళ్లినా డబ్బిస్తే సరుకు చేతికొస్తుంది. ఆన్‌లైన్ కొట్టు తీరే వేరు. మా అబ్బాయి సంక్రాంతికి పెద్దలిచ్చిన డబ్బుతో కంప్యూటర్ గేమ్ కొన్నాడు. 70 జీబీ! రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ నెట్‌తో నెల దాటుతుంది. సగంలో ఫైలు పాడై మళ్లీ మొదటికొచ్చింది. డబ్బు వెనక్కిమ్మంటే గడువు దాటిందన్నారు. వాడి మొహం చూడలేకపోయాను.

ఇంకో విడ్డూరం వినండి. మనం కొనేది గేమ్ కాదు, ఆడుకునే అనుమతి మాత్రమేనట! ‘ది క్రూ’ అనే కారు పందేల గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న మూసేస్తే, కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ సంగతి ముందే స్పష్టంగా చెప్పాలని 2025 జనవరి 1 నుంచి చట్టం వచ్చింది.

పిల్లలు అడిగితే కాదనకండి. డబ్బు కట్టేముందు సైజెంతో, వాపసు గడువెంతో పక్కన కూర్చుని చదవండి. రసీదు దాచండి. అన్యాయం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది. మనకు చిన్న మొత్తమే కావచ్చు, వాడికది ఏడాదంతా ఎదురుచూసిన పండగ డబ్బు!