చుక్క దొరకని సూరత్‌లో

ఫ్రాన్సులో బోన్ లాంటి ద్రాక్షసారా ఊళ్లకు వెళ్లినవాళ్లు పాత వీధులన్నీ తాపీగా నడిచి, చివరికి ఏదో నేలమాళిగలో గ్లాసు పట్టుకుని కూర్చుంటారట. సూరత్‌లోనూ అలాంటి నడక ఒకటి ఉంది. చదును నేల, ఒక పూట చాలు, మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా నడవచ్చు. ఫ్రెంచివాళ్ల ఊసు ఉంది, తాగుడు కథలకు కొదవ లేదు, చివర్లో పాత దొరల గోరీలున్నాయి. గ్లాసు మాత్రం దొరకదు. రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం.

నేను దిగింది పల్సానాలో చిన్నాయన ఇంట్లో. ముంబై నుంచి అహ్మదాబాద్ వెళ్లే హైవేను, హజీరా నుంచి బార్డోలీ వైపు పోయే దారి అక్కడే కలుస్తుంది. ఒక పక్క చెరకు తోటలు, ఇంకో పక్క రంగుల మిల్లుల పొగగొట్టాలు. చిన్నాయనది సిరిసిల్ల. సాంచాలు నడిపే పద్మశాలి ఇళ్లలో సూరత్, భీవండి, షోలాపూర్ పేర్లు చుట్టాల ఊళ్ల పేర్లలాగే వినిపిస్తాయి. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బళ్లు కూడా నడుపుతోందంటే మనవాళ్లు ఎందరున్నారో ఊహించుకోవచ్చు.

"గోరీలు జూస్తానికి ఇంత దూరం వచ్చినవా బిడ్డా? ఇన్నేండ్ల సంది ఉంటున్న, నేనెన్నడు జూడలే" అన్నాడు చిన్నాయన. పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి గోరీలు చూసే తీరిక ఎక్కడిది? సెలవు రోజు కావడంతో నాతో పాటు ఆయనా బస్సెక్కాడు.

నడక చౌక్ బజార్ దగ్గర, తాపీ నది ఒడ్డున ఉన్న కోటతో మొదలుపెట్టాలి. పోర్చుగీసు వాళ్ల దాడులు తట్టుకోలేక గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ కట్టించమంటే, ఖుదావంద్ ఖాన్ 1546 నాటికి పూర్తిచేశాడు. ఈ మధ్య బాగుచేసి మ్యూజియం పెట్టారు. మ్యూజియం సంగతి ఎలా ఉన్నా, బురుజు మీద నిలబడి నదిని చూడటం బాగుంది. పెద్ద ఓడలు ఇక్కడిదాకా రాలేక దిగువన సువాలీ దగ్గరే లంగరు వేసేవి. హజ్ యాత్రికులు, నీలిమందు, బట్టల మూటలు, అన్నిటికీ ఈ నదే దారి.

అక్కడి నుంచి నాన్‌పురా వైపు నాలుగడుగులు వేస్తే దోతీవాలా బేకరీ. నాకు కోటకంటే ఇదే నచ్చింది. డచ్చివాళ్లు వెళ్లిపోతూ తమ రొట్టెల పొయ్యిని అందులో పనిచేసే పార్సీకి వదిలేశారనీ, దుకాణం 1861లో మొదలైందనీ చెబుతారు. అప్పట్లో రొట్టె పిండి పులియడానికి ఈస్టు బదులు తాటికల్లు పోసేవారట. కల్లు పోసిన రొట్టెను ఊరివాళ్లు ముట్టలేదు. మిగిలిపోయి ఎండిన రొట్టె పొట్ట బాగాలేనివాళ్లకు పథ్యంగా పనికొచ్చింది. ఆ ఎండు రొట్టెనే చిన్నగా, గుండ్రంగా, కావాలని చేయడం మొదలుపెడితే సూర్తీ బతాసా అయింది. మన పంచదార బతాసాతో దీనికి చుట్టరికం లేదు. ఇది ఉప్పగా, జీలకర్ర వాసనతో ఉంటుంది. కొరికితే పొరలు పొరలుగా పొడి రాలుతుంది, టీలో ముంచితే క్షణంలో మెత్తబడుతుంది. చిన్నాయన రెండు పొట్లాలు కట్టించుకున్నాడు. ఇన్నేళ్లూ టీలో ముంచుకుని తింటున్నదాని వెనక కల్లు కథ ఉందని విని మాత్రం కాసేపు నవ్వాడు.

తిరిగి చౌక్ మీదుగా వస్తే ముగల్‌సరాయి. షాజహాన్ కాలంలో, 1644లో, హజ్‌కు పోయేవాళ్ల బసకు కట్టారు. ఇప్పుడది మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసు. 1994లో ప్లేగు భయంతో ఊరు సగం ఖాళీ అయ్యాక, మరుసటి ఏడు కమిషనరుగా వచ్చి చెత్త మీద యుద్ధం ప్రకటించిన సూర్యదేవర రామచంద్రరావు కూర్చున్నది ఇక్కడే. ఇంటిపేరు వింటే తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఫ్రెంచివాళ్లు. మనదేశంలో వాళ్ల కంపెనీ మొదటి కొట్టు 1668లో ఇక్కడే పెట్టింది. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నం వచ్చారు. బందరులో ఫ్రెంచిపేట పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. తర్వాత వాళ్ల చూపంతా పుదుచ్చేరి మీదికి పోయింది. సూరత్, మచిలీపట్నం స్థావరాలపై పేరుకు మిగిలిన హక్కుల్ని 1947 అక్టోబరులో ఒకేసారి మనకు వదిలేశారు. మూడొందల ఏళ్లకు దగ్గరగా హక్కు ఉంచుకున్న ఊళ్లో ఫ్రెంచివాళ్లు ఒక్క బిస్కెట్టయినా వదల్లేదు. ఆ లెక్కన డచ్చివాళ్లే నయం.

భాగల్ దాటి కతార్‌గామ్ దర్వాజా వైపు నడుస్తూ చిన్నాయనకు టామ్ కోర్యట్ కథ చెప్పాను. ఇంగ్లండు మనిషి. అలెప్పో నుంచి అజ్మీర్ దాకా కాలినడకన, దాదాపు చేతిలో డబ్బు లేకుండా వచ్చాడు. ఎడారులు దాటినా చెక్కుచెదరని మనిషి 1617 డిసెంబరులో సూరత్ చేరాడు. అప్పటికే విరేచనాలతో ఉన్నాడు. ఇక్కడి ఇంగ్లీషు వర్తకులు ముచ్చటపడి సొంతూరి నుంచి వచ్చిన వైన్ పోశారు. దాంతో జబ్బు ముదిరి పోయాడు. 1638లో వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో కూడా ఇక్కడి వర్తకుల పానీయం గురించి రాశాడు: సారాలో పన్నీరు, నిమ్మరసం, పంచదార. వేడి దేశంలో, ఇంటికి వేల మైళ్ల దూరంలో, ఓడ కోసం నెలల తరబడి ఎదురుచూసే కుర్రాళ్లు ఇంకేం చేస్తారు! జ్వరాలకు తాగుడు తోడై చాలామంది తిరిగి వెళ్లలేదు.

వాళ్ల గోరీలే కతార్‌గామ్‌లో ఉన్నవి. ఇవి గోరీల్లా ఉండవు. ఎత్తయిన గుమ్మటాలు, తోరణాలు, స్తంభాలు, అచ్చం నవాబుల సమాధులే. ఇంగ్లీషు కొట్టు పెద్ద సర్ జార్జ్ ఆక్సెండెన్, ఆయన తమ్ముడు క్రిస్టఫర్ ఒకే కట్టడంలో ఉన్నారు. రెండంతస్తులు, సుమారు 40 అడుగుల ఎత్తు. 1664లో శివాజీ ఊరి మీద పడినప్పుడు కొట్టును కాపాడుకున్నది ఈ జార్జే. ఆయన 1669లో పోయాడు. తర్వాత 1691లో కన్నుమూసిన డచ్చి దొర వాన్ రీడ్‌కు, ఇంగ్లీషువాళ్లను మించాలని ఇంకా ఘనంగా కట్టారు. మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల హోర్టస్ మలబారికస్ తయారుచేయించిన పెద్దమనిషి ఆయన. ఇంత పోటీ ఏ ధరల విషయంలోనో పడి ఉంటే నేతగాళ్లు బాగుపడేవారు.

చిన్నాయన చెప్పులు విడిచి, వాన్ రీడ్ కట్టడం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మెడ ఎత్తి చూశాడు.

"బట్టల యాపారమేనా వీళ్లది?"

అవునన్నాను.

"మా సేటు కంట్ల పడకపోతే మంచిది బిడ్డా. దీపావళి బోనస్ ఎగ్గొట్టి గిసొంటిది గట్టుకుంటనంటడు."