పడవలో గుండెపెట్టె

చిత్రావతి ఒడ్డున పుట్టినవారికి పడవ అంటే పాఠ్యపుస్తకంలోని బొమ్మే. ఏడాదిలో ఎక్కువనాళ్ళు ఇసుకే కనిపించే ఏరు మాది. అటువంటి పుట్టపర్తివాడు సముద్రంలో మునకలను గురించి వ్రాయడమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. కారణం నా శిష్యుడొకడు. నా వద్ద ఛందస్సు నేర్చినవాడు. ఇప్పుడు నలభై దాటి, సెలవులు దొరికితే చాలు, వీపున గాలిసిలిండరు కట్టుకొని కడలి అడుగున చేపలను చూసి వస్తుంటాడు.

“అక్కడ ఎవరికైనా గుండె ఆగితే పడవలో ఏముందిరా?” అని మొన్న అడిగాను.

“ఆక్సిజన్ ఉంది సార్, లైఫ్ జాకెట్లున్నాయి. మీరు చెప్పే షాకిచ్చే మిషను మాత్రం కనపడలేదు. ఒడ్డుకొస్తే 108 ఉంది కదా సార్!”

ఆ ‘ఒడ్డుకొస్తే’ అన్న మాట నన్ను వదలలేదు.

గుండె ఆగడమంటే అన్నివేళలా నిశ్చలం కావడం కాదు. చాలమందిలో మొదట స్పందనం పోయి కంపనం మిగులుతుంది. కండరం లయ తప్పి వణుకుతుందేగాని రక్తాన్ని తోయదు. మా పరిభాషలో చెప్పాలంటే అక్షరాలున్నాయి, గణాలు లేవు. విద్యుదాఘాతంతో ఆ వణుకును ఆపితే లయ మళ్ళీ కుదురుకునే అవకాశముంది. ఆ పని చేసేదే డెఫిబ్రిలేటరు. ఛాతీని నొక్కేవారు కూడ లేకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం నూటికి 7 నుండి 10 పాళ్ళు తరిగిపోతుందని వైద్యులంటారు.

మా ఊళ్ళో 1991 నుండి పెద్ద ఆసుపత్రి ఉంది. గుండె వైద్యానికి ఎక్కడెక్కడినుండో వస్తారు. అయినా మా బజారులోనే ఒకరు కుప్పకూలితే, అక్కడికి చేర్చేలోగా ఆ నిమిషాలు కరిగిపోవచ్చును. ఇక తీరానికి అరగంట దూరంలోని పడవ మాటేమిటి?

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ మునిగిన నాటినుండి, పడవ అనగానే నాకు లైఫ్ జాకెట్ గుర్తుకు వస్తుంది. అది అత్యవసరం. కాని అది దేహాన్ని తేలుస్తుంది, గుండెను నడపదు. నీటిలో దిగినవాని కాళ్ళుచేతుల రక్తం ఛాతీలోనికి చేరి గుండెకు భారం పెరుగుతుంది. చలీ, ఈత శ్రమా తోడవుతాయి. నడివయసు దాటిన మునకరుల మరణాలకు ముఖ్యకారణాలలో గుండెజబ్బు ఒకటి.

ఉప్పునీటి పడవలో విద్యుద్యంత్రం సాధ్యమా అన్న సందేహం సహజమే. 1965లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అంబులెన్సుకెక్కించిన యంత్రం బరువు 70 కిలోలు. నేటిది చేతిసంచిలో పడుతుంది, నీరు చొరని పెట్టెలో ఉంచవచ్చును. మనిషిని నీటిమడుగునుండి తప్పించి, ఛాతీ తుడిచి పట్టీలు అంటిస్తే, యంత్రమే లయను పరీక్షించి, అవసరమైతేనే ఆఘాతానికి అనుమతిస్తుంది. నీట మునిగి ఊపిరాడనివానికి ముందు శ్వాస అందించాలి. ఈ పెట్టె ఆ పనికి బదులు కాదు, తోడు మాత్రమే.

దీనిని తెలుగులో ఏమనాలి? ‘హృత్కంపనివారిణి’ అని సమాసం కట్టి నేను సంతోషించవచ్చును. కాని ఆపదలో సరంగు కేకవేయవలసిన మాట అది. అందుకే ‘గుండెపెట్టె’ అంటున్నాను. ఇంతకన్న మంచి మాట తోస్తే తెలుపగలరు.

నీటి విహారానికి వెళ్ళే చదువరులకు ఒక మనవి. టిక్కెట్టు కొనేముందు మూడు ప్రశ్నలు వేయండి: పడవలో గుండెపెట్టె ఉన్నదా? దాని బ్యాటరీకీ, పట్టీలకూ గడువు మిగిలి ఉన్నదా? వాడడం తెలిసినవారు పడవలో ఉంటారా? పదేపదే అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు పెట్టవలసినవారే పెడతారు.